తాళం వేసిన పెట్టెలో సీటీ

మా బాన్సువాడకు రైలు లేదు. రైలెక్కాలంటే ముందు బస్సెక్కాలి. ఈ మాట మొదటే ఎందుకు చెప్తున్నానంటే, నేను రాయబోయేది మా ఇంట్లో మోగిన ఒక రైల్వే సీటీ గురించి, అంటే విజిల్ గురించి.

దెయ్యాలు, గాలులు, దిష్టి, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. మా గల్లీలో పిల్లలకు జ్వరమొస్తే ఇంటివాళ్లు నిమ్మకాయలు తిప్పేవాళ్లు, నేను బండి తీసి దవాఖానకు తీసుకుపోయేవాణ్ణి. ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేసింది శ్మశానం పక్క మైదానంలో, ఇంకా తెల్లారని వేళ. అక్కడ నాకు కుక్కలు తప్ప ఏమీ కనిపించలేదు. కాబట్టి ఇది భయస్తుడు చెప్పే సంగతి కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో నేను మంచివాణ్ణి కాదు, అది కూడా దాచను.

నా పేరు సాయిలు. నాన్న లేడు. అమ్మ బీడీలు చేస్తుంది. బస్టాండు వెనక గల్లీలో రెండు గదుల రేకుల ఇంట్లో కిరాయికి ఉంటున్నాం. ముందు భాగంలో ఇంటి ఓనరమ్మ ఉంటుంది. రైలు పట్టాల పనికి, అంటే పట్టాలు సరిచూసే కూలీ ఉద్యోగానికి, మూడుసార్లు పరీక్ష రాసి తప్పాను. నాలుగోసారి, వయసు దాటిపోవడానికి కొన్ని నెలలు ఉన్నాయనగా, దొరికింది.

అదే జాబితాలో గంగాధర్ పేరు కూడా ఉంది. వాడిది నస్రుల్లాబాద్ పక్కన పల్లె. వాళ్లమ్మా నాన్నా క్యాంపులో, అంటే కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊళ్లో, ఒక ఆంధ్రా రైతు పొలంలో పనిచేస్తారు. వాడు నాకంటే ఆరేళ్లు చిన్న. అసలు ఆ ఉద్యోగం ఉందని వాడికి చెప్పిందే నేను. నా నోట్సు జిరాక్సు తీసుకుని చదివాడు. మొదటిసారికే పాసయ్యాడు, అదీ నాకంటే ఎక్కువ మార్కులతో. మిఠాయి డబ్బా పట్టుకొచ్చి, "అన్నా, నీ వల్లనే" అని నా కాళ్లకు మొక్కాడు. నేను వాడి భుజం తట్టి నవ్వాను. ఆ మిఠాయి మాత్రం నా నోట్లోకి పోలేదు.

ఇంతకీ వాడు చెడ్డవాడైతే నా పని సులువయ్యేది. మంచివాడి మీద కుళ్లుకోవడం చాలా కష్టం. తిట్టడానికి సాకు దొరకదు. రాత్రంతా వెతికినా దొరకదు.

ట్రైనింగు మొదలయ్యాక నా కష్టం ఇంకా పెరిగింది. కొన్ని వారాలు ఒక హాల్లో కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. ఆ తర్వాత ఒక లైను మీద పని నేర్పారు. ఆ లైను పేరు, సార్ల పేర్లు రాయను. మా ఇంటి నుంచి అది ముప్పై కిలోమీటర్లకు తక్కువ ఉండదు. పొద్దున్నే మొదటి బస్సు పట్టుకోవాలి. వాళ్ల పల్లె నుంచి ఆ వేళకు బస్సు లేదని, గంగాధర్‌ను వారమంతా మా ఇంట్లోనే ఉండమని చెప్పింది మా అమ్మ. నన్ను అడగలేదు.

వాడు పొద్దున లేచి అమ్మకు నల్లా నీళ్లు పట్టి పెట్టేవాడు. తిన్న ప్లేటు కడిగేవాడు. సాయంత్రం పక్కన కూర్చుని బీడీ ఆకు కత్తిరించి ఇచ్చేవాడు. అమ్మ వాణ్ణి చూసి మురిసిపోయేది. పెరుగు గిన్నె ముందు వాడి వైపు జరిపేది. ఒకరోజు నా ముందే ఓనరమ్మతో అంది, "ఈ పిలగాడు నా కడుపున పుట్టాల్సినోడు" అని. వాళ్లిద్దరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె కడుపున పుట్టినవాణ్ణి నేను అక్కడే ఉన్నాను కదా.

పాఠాలు చెప్పే సారు పెద్దమనిషి. ఎన్నో ఏళ్లు పట్టాల మీద పనిచేశాడు, ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. ఎట్లా పోయాయో ఏనాడూ చెప్పలేదు. మొదటి రోజు ఆ చెయ్యి బల్ల మీద పెట్టి, మాకు కనిపించేట్టు కాసేపు ఊరికే కూర్చున్నాడు. ఆ తర్వాతే పాఠం మొదలైంది.

పట్టా తల మీద కాలు పెట్టొద్దు, జారుతుంది. నిలబడి ఉన్న రైలు డబ్బాల కింద నుంచి దూరొద్దు, అవి ఎప్పుడు కదులుతాయో ఎవరికీ తెలియదు. నడిస్తే బండి వచ్చే దిక్కుకు ముఖం పెట్టి పక్క దారిన నడవాలి. సామాను ముందు ఎక్కడ పెట్టాలో చూసుకుని తర్వాత పని మొదలుపెట్టాలి. ఫోను జేబులో కాదు, సంచిలో ఉండాలి. ఇవన్నీ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

వీటన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది లుకౌట్ మనిషి గురించి. మేం వంగి పనిచేస్తుంటే బండి వచ్చేది మాకు కనిపించదు. అందుకని ఒక మనిషి చేతిలో జెండాలు, మెడలో సీటీ వేసుకుని దూరంగా నిలబడతాడు. అతను పని చేయడు, చూస్తాడు. బండి కనబడగానే పొడుగ్గా సీటీ ఊదుతాడు. ఆ సీటీ మీదే మిగతా అందరి ప్రాణాలుంటాయి.

"సీటీ ఇనబడ్డదా, ముందుగాల బయటపడు. వెనకకు సూసుడు తర్వాత. ఎవరు కొట్టిన్రు, ఎందుకు కొట్టిన్రు అని అడుగుడు ఇంకా తర్వాత" అనేవాడు సారు. "ఇంకొకటి యాదుంచుకోన్రి. జెండా లేకున్నా, సీటీ లేకున్నా నోరిప్పి చెప్పున్రి. పని ఆపుకుందం. పని ఆగితె ఎవ్వలు సావరు."

లుకౌట్ పని మా ట్రైనింగులో గౌరవం కింద లెక్క. కళ్లు, చెవులు, ఓపిక అన్నీ సరిగా ఉన్నవాడికే ఇస్తారు. మొదటి వారమే సారు అది గంగాధర్‌కు ఇచ్చాడు. దానికి తోడు వాడికి ఇంకో విద్య ఉంది. పొలంలో పిట్టలను తోలీ తోలీ అలవాటై, రెండు వేళ్లు నోట్లో పెట్టి సీటీ కొడితే రెండు కాలువల అవతలికి వినబడుతుంది. ఒకరోజు భోజనాల వేళ అందరూ అడిగితే కొట్టి చూపించాడు. సారు కూడా చప్పట్లు కొట్టాడు. నేను నా టిఫిన్ డబ్బాలోకి చూస్తూ కూర్చున్నాను.

వాడికిచ్చిన సీటీ మామూలు ఇనుప సీటీయే, లోపల గోళీ తిరిగేది. మా అందరివీ అలాంటివే. వాడి సీటీకి మాత్రం వాళ్లమ్మ ఎర్ర దారం కట్టింది. మెడలో వేసుకునే తాడు తెగిపోతే వాడు దాన్ని జాకెట్ జేబులో పెట్టుకునేవాడు. మా ఇంట్లో ఆ జాకెట్ నా చొక్కా పక్క మేకుకే తగిలించి ఉండేది.

ఇగ అసలు సంగతి. ట్రైనింగు ముగుస్తుండగా ఒక మాట బయటికొచ్చింది. బాన్సువాడకు దగ్గరపడే గ్యాంగులో, అంటే పట్టాల పని జట్టులో, ఒక్క ఖాళీ ఉందని, మా ఇద్దరిలో ఒకరికే అది వస్తుందని. మిగతావాళ్లు ఎక్కడికి పోవాల్సి వస్తుందో తెలియదు. అమ్మ ఒక్కతే ఉంటుంది, ఆమెకు ఉబ్బసం. ఆ ఖాళీ నాకు రావాలి. కానీ పైఅధికారి ఒకరు వచ్చి మా పని చూసి రాస్తారని, ఆయన సారు మాట వింటారని అన్నారు. సారు ఎవరి పేరు చెప్తాడో నాకు తెలుసు, అందరికీ తెలుసు.

పైఅధికారి వచ్చే రోజు పొద్దున గంగాధర్ స్నానానికి పోయాడు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నేను వాడి జాకెట్ జేబులో చెయ్యి పెట్టి సీటీ తీశాను. ముందే అనుకుని చేయలేదు అని చెప్పుకోవడం నాకు ఇష్టం, కానీ అది అబద్ధం. ముందు రోజు నుంచీ అదే ఆలోచన. నా ఇనుప పెట్టె తెరిచి, సర్టిఫికెట్ల కింద మడతపెట్టిన పాత స్వెటర్ లోపల దాన్ని పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకు ఉంటుంది. ఆ పెట్టెకు రెండో చెవి లేదు.

నా లెక్క చాలా చిన్నది. పని మొదలుపెట్టే ముందు మేట్, అంటే మా గ్యాంగు పెద్ద, లుకౌట్ మనిషి చేత సీటీ ఒకసారి ఊదిస్తాడు. రోజూ చేసే పద్ధతే అది. అప్పుడు గంగాధర్ జేబు తడుముకుంటాడు, సీటీ ఉండదు. పైఅధికారి ముందు తలకాయ దించుకుంటాడు. అంతే. వేరే సీటీ ఇస్తారు, పని జరుగుతుంది. ఎవరికీ ఏమీ కాదు. బస్సులో వాడు నా భుజం మీద తల పెట్టి నిద్రపోతుంటే నేను ఇదే లెక్క మళ్లీ మళ్లీ వేసుకున్నాను.

అనుకున్నట్టు జరగలేదు. పైఅధికారి అనుకున్నదానికంటే ముందే వచ్చేశాడు. మేట్ పోచయ్యకు కంగారు పుట్టింది. ఊదించి చూడలేదు, ఊరికే అడిగాడు.

"గంగాధర్, అన్ని ఉన్నయా?"

గంగాధర్ జేబు తడిమాడు. వాడి ముఖం మారడం నేను చూశాను. నేను ఒక్కణ్ణే చూశాను, ఎందుకంటే నేను ఒక్కణ్ణే దానికోసం కాచుకుని ఉన్నాను. వాడు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత, "ఉన్నయే" అన్నాడు.

వాడు ఎందుకట్లా అన్నాడో నాకు వెంటనే అర్థమైంది. నోటి సీటీ ఉంది కదా అనుకున్నాడు. పొలంలో పిట్టలను తోలినట్టే బండి వచ్చినా కొట్టొచ్చు అనుకున్నాడు. పైఅధికారి ముందు సీటీ పోగొట్టుకున్నానని చెప్పడానికి భయపడ్డాడు. ట్రైనింగంతా ఒక్క తప్పు చేయనివాడు ఆ ఒక్కటీ చేశాడు, అది నేను చేయించాను.

అప్పుడైనా నేను నోరు తెరవాలి. తెరిస్తే, నీకెట్లా తెలుసు అంటారు. తెరవలేదు. ఇంకో నిజం కూడా చెప్తాను. వాడు అబద్ధం ఆడినందుకు నాకు సంతోషమైంది. వాడూ మనలాంటివాడే అని ఒక నెమ్మది లాంటిది కలిగింది.

గంగాధర్ జెండాలు పట్టుకుని మలుపు దగ్గరికి పోయాడు. అక్కడ లైను వంపు తిరుగుతుంది. బండి వస్తే మాకంటే ముందు వాడికి కనిపిస్తుంది. వాడికీ మాకూ మధ్య గట్టిగా అరిచినా వినబడనంత దూరం ఉంది.

మా దగ్గర ఇద్దరు ట్రైనీలు పట్టాల కింద కంకర దట్టించే చిన్న మిషను నడుపుతున్నారు. అది మొదలైతే పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. నేను వాళ్లకు కొంచెం ముందు, మలుపుకు వీపు పెట్టి, పట్టాను సిమెంటు దిమ్మెకు పట్టి ఉంచే ఒక క్లిప్పు బిగిస్తున్నాను. అది మొరాయించింది. సమ్మెటతో కొడుతున్నాను. మేటూ పైఅధికారీ పక్కన నిలబడి కాగితాలు చూస్తున్నారు. మొదట్లో నేను మాటిమాటికీ వెనక్కి తిరిగి చూశాను, సీటీ లేదని నాకు తెలుసు కాబట్టి. పైఅధికారి నా వైపు చూసి, ఏంటి దిక్కులు చూస్తున్నాడు అన్నట్టు ముఖం పెట్టాడు. అప్పటి నుంచి చూడడం మానేశాను. ఆయన ముందు చెడ్డపేరు రాకూడదు కదా.

అప్పుడు వినబడింది.

నా కుడి చెవి వెనకాల, బెత్తెడు దూరంలో నిలబడి ఎవరో ఊదినట్టు. పొడుగ్గా, ఆగకుండా. లోపల గోళీ గిరగిరా తిరిగే చప్పుడు కూడా స్పష్టంగా ఉంది. మిషను చప్పుడు దాని కింద ఎక్కడో ఉండిపోయింది. మెడ మీద గాలి తగలలేదు. ఒక్క చప్పుడే.

నేను ఆలోచించలేదు. సారు వారాల తరబడి మా తలల్లో పోసింది అదే. సమ్మెట విసిరేసి పక్కకు దూకాను. దూకాక వెనక్కి చూశాను. మలుపు తిరిగి ఒంటి ఇంజను వస్తోంది. డబ్బాల్లేవు, ఇంజను ఒక్కటే. మిషను మీద ఉన్న ఇద్దరూ ఇంకా వంగే ఉన్నారు. వాళ్లు కదలకపోవడం చూసి నాకు అర్థం కాలేదు. అంత పెద్ద సీటీ, వీళ్లకేమైంది అనుకున్నాను. పోయి ఒకడి జాకెట్ పట్టి గుంజాను. రెండోవాడు చూశాడు. ముగ్గురం కలిసి మిషనును ఈడ్చి పక్కకు పడేశాం. ఇంజను హారను అప్పుడు మోగింది. కంకర మీద బోర్లా పడి ఉండగా అది మా పక్క నుంచి పోయింది. దాని వేడి నా చెంపకు తగిలింది.

దాని వెనకాలే గంగాధర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒక కాలికి బూటు లేదు. ఎర్ర జెండా ఇంకా ఊపుతూనే ఉన్నాడు, ఆపడం మరిచిపోయినట్టు. మమ్మల్ని ముగ్గురినీ చూసి అక్కడే కూలబడి ఏడ్చాడు.

మేట్ నన్ను పట్టుకుని ఊపేస్తూ అడిగాడు, "నీకెట్ల తెలిసిందిరా?"

"సీటీ ఇనబడ్డది" అన్నాను.

"ఏ సీటీ?"

మేటుకు వినబడలేదు. పైఅధికారికి వినబడలేదు. మిషను మీద ఉన్నవాళ్లకు వినబడలేదు. వాడి నోటి సీటీ అయ్యుంటుంది అన్నాడు పైఅధికారి. ఆ మాట వినగానే గంగాధర్ తలెత్తాడు.

"కాదు సార్. నోట్ల నుంచి సీటీ రాలే. వేళ్లు పెట్టిన, ఊదిన. నోరు ఎండిపోయింది. గాలే వచ్చింది సార్, ఉత్త గాలి."

ఇనుప సీటీ ఏదని అడిగారు. పోయింది అన్నాడు. ఎప్పుడు పోయింది అంటే, తెలియదు అన్నాడు. మేట్ తన డైరీలో టైము రాసుకున్నాడు, పదీ నలభై. పైఅధికారి గంగాధర్‌ను ఆ రోజుకు పని నుంచి తప్పించి, మర్నాడు విచారణకు రమ్మన్నాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అప్పుడే తేలుతుందని చెప్పాడు. నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. ఇద్దరి ప్రాణాలు కాపాడావు అన్నాడు, పేరు రాసుకున్నాడు. నేను నెలల తరబడి కోరుకున్నదంతా అరగంటలో నా ఒళ్లో పడింది.

బస్సులో వాడూ నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. రుద్రూర్ దాటాక వాడు అన్నాడు, "అన్నా, నువ్వు సస్తె నేను పెద్దమ్మకు మొకం ఎట్ల సూపిద్దును?" పెద్దమ్మ అంటే మా అమ్మ. నేను కిటికీలోంచి వరి పొలాలు చూస్తూ కూర్చున్నాను.

ఇల్లు చేరేసరికి సాయంత్రం అయిదు దాటింది. అమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో చాట ఉంది, తంబాకు అట్లాగే ఉంది. పొద్దున మేం పోయేటప్పుడు ఉన్నదాంట్లో సగం కూడా తరగలేదు. ఆమె ఒక్క పూట కూడా పని ఆపే మనిషి కాదు. మమ్మల్ని చూడగానే లేచింది. ఏం జరిగిందో మేమింకా ఒక్క ముక్క చెప్పలేదు, ఫోను కూడా చేయలేదు.

"సాయిలూ, ఆ పెట్టెల ఏం పెట్టినవ్ రా?" అంది.

సర్టిఫికెట్లే కదా అన్నాను.

"మీరు పోయినంక సీటీ కొట్టింది. నీ పెట్టెల్నుంచే. నేను బీడీలు చేస్తున్న, ఇంట్ల ఎవ్వలు లేరు. గుండె ఆగినంత పనైంది."

కుక్కరు అయ్యుంటుంది అన్నాను. వంట మీరు పోకముందే అయిపోయింది కదా అంది. టీవీ అన్నాను. కరెంటే లేదు అంది. ఆ రోజు తీగల పని ఉందని పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా గల్లీ మొత్తానికి కరెంటు తీసేశారు. ఇంతలో ముందు భాగం నుంచి ఓనరమ్మ వచ్చింది. ఆమెకూ వినబడింది. మా తలుపు దాకా వచ్చి, "గదేంది, ఇంట్ల సీటీ ఎవరు కొడుతున్నరు?" అని అమ్మను అడిగిందట. కరెంటు ఎప్పుడొస్తుందా అని అప్పుడే ఫోనులో టైము చూసుకుందట. పదిన్నర దాటి పది నిమిషాలైంది అని చెప్పింది.

గంగాధర్ నా వెనకాలే నిలబడి ఉన్నాడు. వాడూ అంతా విన్నాడు.

"పెట్టె తెరువ్" అంది అమ్మ.

తాళంచెవి పోయిందని అనొచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ అమ్మ కళ్లు నా నడుము మీదే ఉన్నాయి. మొలతాడుకు చెవి ఉంటుందని ఆమెకు తెలుసు. తెరిచాను. సర్టిఫికెట్లు తీశాను. స్వెటర్ మడత ఎట్లా పెట్టానో అట్లాగే ఉంది. విప్పితే ఎర్ర దారంతో సహా సీటీ ఉంది. చల్లగా, మామూలుగా ఉంది.

ఓనరమ్మకు ఏమీ అర్థం కాక మా ముఖాలు చూసింది. గంగాధర్ ముందుకొచ్చి నా చేతిలోంచి సీటీ తీసుకున్నాడు. దారం సరిచేశాడు. నన్ను కొడతాడనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. వాడు అమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మా, నేను మా ఊరికి పోతున్న" అని సంచి తీసుకుని వెళ్లిపోయాడు. అమ్మ ఆ రాత్రి నాకు అన్నం పెట్టింది. పక్కన కూర్చోలేదు.

మర్నాడు విచారణ గదిలో గంగాధర్ నా పేరు చెప్పలేదు. సీటీ ఎక్కడ దొరికింది అంటే, సంచిలో ఉండె, సూసుకోలే అన్నాడు. అక్కడ కూడా వాడు నాకంటే మంచివాడయ్యాడు. అది నేను తట్టుకోలేకపోయాను. పశ్చాత్తాపంతో నిజం చెప్పానని అందరూ అనుకుంటున్నారు. సగం అదే. మిగతా సగం, వాడి దయ మీద బతకడం నాకు ఇష్టం లేకపోవడం. లేచి అంతా చెప్పేశాను, మా ఇంట్లో మోగిన సంగతితో సహా.

సారు కూడా ఆ గదిలోనే ఉన్నాడు. తప్పు చేసినవాడికి చెవుల్లో అట్లాగే మోగుతుంది అన్నాడు. మరి మా అమ్మకు, ఓనరమ్మకు ఎట్లా వినబడిందని అడిగాను. ఆయన వేళ్లు లేని చేతిని రెండో చేత్తో రుద్దుకుంటూ కూర్చున్నాడు.

నన్ను ట్రైనింగులో మొదటికి దించారు. పాఠాలన్నీ కొత్త బ్యాచితో మళ్లీ నేర్చుకున్నాను. గంగాధర్‌ను కూడా, లేని సీటీ ఉందన్నందుకు, కొన్నాళ్లు లుకౌట్ పని నుంచి తప్పించారు. ఉద్యోగం మాత్రం ఉంది. ఊదించి చూడలేదని మేట్ మీద కూడా కాగితం రాశారు. దగ్గరి గ్యాంగులో ఖాళీ గంగాధర్‌కే వచ్చింది. నాకు దూరంగా, మరాఠీ వినబడే వైపు పడింది. నెలకు రెండుసార్లు ఇంటికొస్తాను. మిగతా ఆదివారాలు అమ్మకు మందులు తెచ్చిచ్చేది గంగాధరే. అమ్మ ఆ సంగతి ఫోనులో చెప్తుంటే ఇప్పటికీ నాకు లోపల గుచ్చుకుంటుంది. ఆ గుణం పోలేదు.

నేను చేయగలిగిన పరీక్షలు చేశాను. నా సీటీని అదే పెట్టెలో, అదే స్వెటర్‌లో పెట్టి తాళం వేసి, పెట్టెను ఊపాను, ఎత్తి పడేశాను, ఎండలో పెట్టాను. గోళీ గలగలమంది, అంతే. ఎవరైనా ఊదితే తప్ప సీటీ మోగదు. గోడ అవతల, ఇంకో గల్లీలో ఎవరైనా ఊదారేమో అని అడిగి చూశాను. ఎవరూ లేరు. అమ్మను ఎన్నిసార్లు అడిగినా ఒక్కటే చెప్తుంది, పెట్టెలోంచే అని. ఓనరమ్మ కూడా మాట మార్చలేదు.

కొత్త చోటికి పోయే ముందు రోజు గంగాధర్ బస్టాండుకు వచ్చాడు. మేం మాట్లాడుకుని అప్పటికి చాలా నెలలైంది. టీ తాగాం. తప్పయింది తమ్మీ అన్నాను. తల ఊపాడు. బస్సు వచ్చి ఆగాక, నేను మెట్టు మీద కాలు పెట్టాక, అడిగాడు.

"అన్నా, ఆ సీటీ నాది గదా. దారం మా అమ్మ కట్టింది. ఆ పొద్దు మలుపు కాడ నేను మొక్కని దేవుడు లేడు. ఒక్క సీటీ రావాలె, ఒక్కటి చాలు అని ఎంత ఏడ్చిన. నాకు ఇనబడలే. నీకెందుకు ఇనబడ్డది?"

నేను వెనక్కి తిరిగి వాడి ముఖం చూశాను. ఇన్నేళ్లలో వాడి ముఖంలో అది మొదటిసారి చూశాను. ఎక్కడ చూసినా గుర్తుపట్టగలను దాన్ని, ఎందుకంటే రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో నాకు కనిపించేది అదే. గంగాధర్ నన్ను చూసి ఓర్వలేకపోతున్నాడు.

ఏం చెప్పను? కండక్టరు రైట్ అన్నాడు, బస్సు కదిలింది. వాడు జవాబు కోసం కొంతదూరం బస్సు పక్కనే నడిచాడు. ఇప్పటికీ ఇంటికి పోయినప్పుడు ఎదురుపడితే వాడు అదే అడుగుతాడు. నాకు ఇప్పటికీ తెలియదు.